అరిటాకు, ముల్లు

మన కృష్ణాతీరమున అరటితోటలకు కొదువ లేదు. అందుచేతనే కాబోలు, ఆడపిల్లకు ఊహ తెలిసిననాటినుండి మన యిండ్లలో ఒక సామెత వినిపించుచుందురు. ముల్లు పోయి అరిటాకుమీద పడినను, అరిటాకు పోయి ముల్లుమీద పడినను, చినుగునది అరిటాకే యని ఆ సామెత. అమ్మమ్మలు చెప్పుదురు, తల్లులు చెప్పుదురు, తుదకు తరగతి గదిలో మేమును చెప్పుదుము. చెప్పువారి యుద్దేశము మంచిదే. పిల్ల జాగ్రత్తగా నుండవలెనని వారి తాపత్రయము. కాని యిరువదియేండ్లుగా ఉపాధ్యాయుడనై యుండి నేను గమనించిన దొకటి కలదు. ఈ సామెతను అరిటాకునకు వేయిమారులు చెప్పితిమి. ముల్లునకు ఒక్కమారైనను చెప్పి యెరుగము.

వార్షిక సంచికలో ఉపాధ్యాయులు వ్రాయు వ్యాసములు సాధారణముగా కాలపాలన, క్రమశిక్షణ, గ్రంథపఠనము మొదలగు విషయములను గూర్చి యుండును. నేనును అట్టివి వ్రాసినవాడనే. ఈ యేడు మాత్రము పాఠశాలలలో పిల్లలపై జరుగు లైంగిక దౌర్జన్యమును గూర్చియు, ఆడది యిట్లుండవలెను, మగవాడు అట్లుండవలెనని మనము గీసిన గీతలను గూర్చియు వ్రాయుచున్నాను. పిల్లలు చదువు పత్రికలో ఇట్టి ప్రస్తావన తగునా యని తల్లిదండ్రులలో కొందరు నొచ్చుకొనవచ్చును. వారికి నా మనవి యొక్కటే. ఈ సంగతి పిల్లలకు తెలియక కాదు. తెలిసినదానిని ఎవరితో చెప్పుకొనవలెనో తెలియక వారు కుములుచున్నారు.

ముందుగా నా తప్పిదమును చెప్పుకొనుట న్యాయము. వృత్తిలో చేరిన తొలినాళ్లలో నేను వేరొక ఊరి పాఠశాలలో పనిచేయుచుంటిని. ఏడవ తరగతిలో ఒక బాలిక యుండెడిది. లెక్కలలో చురుకైనది, ప్రశ్న ముగియకమునుపే చేయి యెత్తెడిది. సంక్రాంతి సెలవుల తరువాత ఆ పిల్ల చేయి యెత్తుట మానెను. ముందుబల్లనుండి వెనుకబల్లకు పోయెను. సాయంకాలపు ప్రత్యేక తరగతి యనగానే కడుపునొప్పి యనెడిది. నేను దానిని సోమరితన మనుకొని మందలించితిని. ఫిబ్రవరి నెలలో తండ్రి వచ్చి ట్రాన్స్‌ఫరు సర్టిఫికెట్టు కోరెను. పరీక్షలు దగ్గరపడినవి గదా, ఇప్పుడెందు కని యడిగితిని. ఆయన నా ముఖము చూడలేదు. "ఆడపిల్ల గలవాళ్లం మాస్టారూ, పరువుతో బతకాలి. ఇంకేమీ అడక్కండి" అనెను.

ఆ మాటతో నాకు సంగతి బోధపడినది. ఆ ప్రత్యేక తరగతి నడుపుచున్న సహోపాధ్యాయుని పేరు మనస్సున మెదలెను. అయినను నే నేమియు నడుగలేదు. గుమాస్తా సెలవులో నుండుటచే సర్టిఫికెట్టును నేనే నా చేతివ్రాతతో పూర్తిచేసితిని. పాఠశాల విడుచు కారణ మను చోట 'తండ్రి కోరికపై' అని వ్రాసితిని. ప్రవర్తన యను చోట 'తృప్తికరము' అని వ్రాసితిని. ఆ పిల్ల వెడలిపోయెను. ఆ మనుష్యుడు మరి రెండేండ్లు అచ్చటనే పాఠములు చెప్పి, పూలదండ వేయించుకొని బదిలీయై పోయెను. ఆ రెండేండ్లలో అతని ప్రత్యేక తరగతికి పోయిన పిల్లలను తలచుకొన్నప్పుడెల్ల నాకు నిద్ర పట్టదు.

ఇది నే నొక్కడను చూచిన వింత యైనచో ఇంత వ్రాయ నక్కర లేకపోయెను. కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి 2007లో ఒక నివేదికను ప్రకటించెను. మన ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రములలో నొకటి. ప్రయాణములలో జరుగు వెకిలిచేష్టలు మొదలుకొని ఘోరమైన అత్యాచారము వరకు, ఏదో యొక విధమైన లైంగిక దౌర్జన్యమునకు గురియైతిమని చెప్పిన పిల్లలు నూటికి 53 మంది. ఆ నివేదికలో మరి రెండు సంగతులు మన మెరుగవలసినవి కలవు. మొదటిది, ఆ మాట చెప్పినవారిలో బాలురు బాలికలకంటె తక్కువ లేరు, కొంచె మెక్కువగానే యున్నారు. రెండవది, దౌర్జన్యము చేసినవారిలో సగముమంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు. చీకటిలో నెవడో అపరిచితుడు వచ్చునని మనము పిల్లలను హెచ్చరింతుము. వచ్చువాడు చాల సారులు పట్టపగలు, మనము నమస్కరించు త్రోవననే వచ్చుచున్నాడు.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్సులోని ఒక పాఠశాలలో నాలుగేండ్ల పసిపాపపై దౌర్జన్యము జరిగినట్లు బయటపడెను. చేసినవాడు ప్రధానోపాధ్యాయురాలి కారు నడుపువాడు. తల్లిదండ్రులు బిడ్డ నడతలో మార్పును గమనించిరి, అడిగి తెలిసికొనిరి, దాచిపెట్టక పోలీసులకు చెప్పిరి. 2023 ఏప్రిలులో న్యాయస్థానము వానికి 20 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. దానికి మునుపు, నల్గొండ జిల్లా పెద్దవూర మండలమున గిరిజన బాలికల వసతిగృహములో పెక్కుమంది చిన్నపిల్లలపై ట్యూటరు సాగించిన దౌర్జన్యము 2014లో వెలువడెను. వానికి 2018లో యావజ్జీవశిక్ష పడెను. ఈ రెండు ఉదంతములలోను పిల్లలకు భద్రమని తల్లిదండ్రులు నమ్మిన స్థలముననే కీడు జరిగినది. నగరమందలి గొప్ప పాఠశాల యైనను, తండావారి పిల్లల హాస్టలైనను భేదము లేకపోయెను.

ఈ జాడ్యము మన దేశమునకే పరిమిత మైనది కాదు. దక్షిణాఫ్రికా పాఠశాలలను గూర్చి 2001లో హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ ప్రకటించిన నివేదికలో, బాలికలు తోటి విద్యార్థులచేతను, ఉపాధ్యాయులచేతను బాధింపబడి చదువు మానుకొనుట వర్ణింపబడినది. అంతకు పదియేండ్లకు ముందు, 1991 జూలై 13 నాటి రాత్రి, కెన్యా దేశమున సెయింట్ కిజిటో అను వసతి పాఠశాలలో బాలురు గుంపుగూడి బాలికల పడకటింటిమీద దాడిచేసిరి. 19 మంది బాలికలు ప్రాణములు కోల్పోయిరి. 71 మంది అత్యాచారమునకు గురియైరి. బాలురు ఆ బాలికలకు కీడు తలపెట్టలేదనియు, వారు కోరినది అత్యాచారము మాత్రమేననియు ఆ పాఠశాల ఉపప్రధానోపాధ్యాయురాలు పలికినట్లు పత్రికలలో వచ్చెను. చదివిన స్త్రీ, పిల్లలను పెంచు వృత్తిలో నున్న స్త్రీ, ఆ మాట యెట్లనగలిగెను? మగపిల్లలు గదా, అల్లరి చేయకుందురా అని వినివిని, అత్యాచారమును సైతము అల్లరిలో చేర్చుకొను మనఃస్థితి ఆమెకు గలిగియుండును. ఒక్కనాటిలో వచ్చిన బుద్ధి కాదది. బడిలోను ఇంటిలోను ఏండ్లతరబడి నేర్పిన పాఠము.

మనమును అట్టి పాఠములు నేర్పుచున్నాము. నేను చదివిన పాఠశాలలోను, పనిచేసిన పాఠశాలలలోను మగపిల్లవాడు తప్పుచేసిన వేయు శిక్ష యొకటి కలదు. వానిని ఆడపిల్లల వరుసలో కూర్చుండబెట్టుట. తరగతి యంతయు నవ్వును. వాడు తలవంచుకొనును. మేమును ముసిముసిగా నవ్వుదుము. బెత్తముకంటె మేలు గదా యని అనుకొందుము. ఆ శిక్షవలన వాడేమి నేర్చెను? ఆడపిల్ల ప్రక్క కూర్చుండుట అవమాన మని నేర్చెను. ఆ వరుసలోని ఆడపిల్ల యేమి నేర్చెను? తాను ఇతరులకు శిక్షగా నుపయోగపడు వస్తువు నని నేర్చెను. ఆ యిద్దరును ఇంటికిపోయి పెరిగి పెద్దవా రగుదురు. మాస్టరుగారు నేర్పినదానిని మరచిపోవుదురా?

ఇట్టివి మరికొన్ని చూడుడు. గది యూడ్చుటకు ఆడపిల్లలు, బల్లలు మోయుటకు మగపిల్లలు. వార్షికోత్సవమున పూలపళ్లెములు పట్టుకొని నిలుచుటకు ఆడపిల్లలు, వేదికపై ఉపన్యసించుటకు మగపిల్లలు. దెబ్బతగిలి ఏడ్చిన బాలునితో ఆడపిల్లవా యని యందుము. గట్టిగా మాటలాడిన బాలికతో మగరాయుడవా యని యందుము. వెంటబడి యేడిపించు కుఱ్ఱవానిని గూర్చి పిల్ల ఫిర్యాదు చేసినప్పుడు, నీవు ఆ త్రోవన ఎందుకు పోయితి వని మొదట నడుగుదుము. ఇవి చిన్నవిగా దోచును. కాని పెద్ద నేరము చేయువాడు ఈ చిన్న పాఠములనే నమ్ముకొని చేయును. ఆడపిల్ల చెప్పదని వానికి తెలియును. చెప్పినను తప్పు ఆమెమీదనే పడునని తెలియును. మగపిల్లవాడైనచో, మగవాడవై యుండి ఏమిది యని నవ్వుదురు గనుక వాడును నోరు తెరవడని తెలియును. బాలుర దుఃఖము బయటికి రాకుండుటకు కారణ మిదియే. ఏడ్చుటకు హక్కు లేదని మనము చెప్పినవాడు ఫిర్యాదెట్లు చేయును?

ఈ విషయమున మన దేశమునకు మంచి శాసనమే కలదు. లైంగిక నేరములనుండి పిల్లల రక్షణకై 2012లో చేయబడిన చట్టము, పోక్సో యని పిలువబడునది, ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 18 సంవత్సరములు నిండని బాలబాలిక లందరును దాని రక్షణకు పాత్రులే. పాఠశాల యుద్యోగియే నేరము చేసినచో శిక్ష మరింత కఠినము. పిల్లవాని వాంగ్మూలమును అతని యింటివద్దగాని, అతడు కోరిన చోటగాని తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారియే, పోలీసు దుస్తులు లేక వచ్చి అడుగవలెను. రాత్రివేళ పిల్లలను పోలీసు స్టేషనులో నుంచరాదు. బాలికను వైద్యురాలే పరీక్షింపవలెను. పిల్లల పేరుగాని, ఊరుగాని, పాఠశాలగాని పత్రికలలో ప్రకటింపరాదు. పరువు పోవునని భయపడు తల్లిదండ్రులు ఈ నియమములను తెలిసికొన్నచో వారి భయము సగము తీరును.

ఈ చట్టమున మావంటివారికి ముఖ్యమైన నిబంధన మరియొకటి కలదు. నేరము జరిగినదని తెలిసినవాడు, ఎవడైనను సరే, పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆరునెలల వరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తన క్రింది యుద్యోగి చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఒక సంవత్సరము వరకు శిక్ష కలదు. నాడు ఆ సర్టిఫికెట్టు వ్రాసిన నేను ఈ శాసనము వచ్చిన పిమ్మట అట్లు చేసియుండినచో నేరస్థుడనై యుందును.

మన యూళ్లలో పెద్దమనుష్యులు కూర్చుండి రాజీ చేయుట యను ఆచార మింకను పోలేదు. ఇంత సొమ్మిచ్చి, ఒక క్షమాపణ చెప్పించి, పిల్లను వేరే బడిలో చేర్పించి, సంగతి సద్దుమణిగిన దందురు. రాజస్థానములో విద్యార్థినిపై అనుచితముగా ప్రవర్తించినాడన్న ఉపాధ్యాయునిమీది కేసును, అతడును పిల్ల తండ్రియు రాజీపడిరను కారణమున అచ్చటి హైకోర్టు కొట్టివేసెను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుపరచి, విచారణ సాగవలెనని యాజ్ఞాపించెను. పిల్లపై జరిగిన నేరము తండ్రి క్షమించుటకు ఆయన సొత్తు కాదు. అప్పుపత్రమువలె చెల్లువ్రాసి యిచ్చుటకు అది యిరువురి నడుమ లావాదేవీ కాదు.

సహోపాధ్యాయులు కొందరు నాతో నొక యాక్షేపము చెప్పుదురు. పిల్ల యొక మాట యన్నంతనే పోలీసులవద్దకు పోయినచో, నిర్దోషి జీవితము బుగ్గి కాదా యని. ఈ యాక్షేపమును నేను త్రోసివేయను. మన విజయవాడ చెంత ఇబ్రహీంపట్నము హాస్టలులో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్యగావింపబడెను. పేదవాడైన యువకు డొకడు పట్టుబడి, 2010లో శిక్షపొంది, ఏండ్లకొలది చెరసాలలో మ్రగ్గి, 2017లో హైకోర్టుచే నిర్దోషిగా విడువబడెను. మరుసటి యేడు కేసును సి. బి. ఐ. విచారణ కప్పగించిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల కన్నీళ్లు ఒకవైపు, ఆ యువకుడు పోగొట్టుకొన్న యేండ్లు మరియొకవైపు. కాని దీనినుండి నేర్వవలసిన పాఠ మేమి? విచారణ నిష్పక్షపాతముగా, జాగ్రత్తగా జరుగవలెనని. ఫిర్యాదే చేయరాదని కాదు. నిజమేదో తేల్చుట న్యాయస్థానము పని. చెవినిబడిన మాటను తగినచోటికి చేర్చుట మన పని. సదుద్దేశముతో తెలిపినవానికి చట్టమే రక్షణ నిచ్చుచున్నది. కావలెనని అబద్ధపు ఫిర్యాదు చేయు పెద్దవారికి శిక్షయు చెప్పుచున్నది.

మరికొందరు తల్లిదండ్రుల ఆలోచన వేరు. ఇంత భయ మున్నప్పుడు పిల్లను బడి మాన్పించి పెండ్లి చేసిన తీరిపోవును గదా యని. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో 20 మొదలు 24 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకమునుపే వివాహమైనది. అందు భయమువలన జరిగిన పెండ్లిండ్లెన్నో యెవరు లెక్కింపగలరు? కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిన కాలమున, చదువుకొన్న ఆడది చెడిపోవునను మాట యూరూర వినిపించెడిది. నేడు ఆ మాట యనువారు లేరు. కాని చదువుకొనబోయిన ఆడపిల్లకు కీడు జరిగినప్పుడు ఆమెనే చదువు మాన్పించుచో, ఆ పాత మాటను మనము క్రియలో నిలబెట్టినట్లే యగును. దొంగ దూరిన యింట సొమ్ము పోగొట్టుకొన్నవానిని ఊరినుండి వెడలగొట్టుట న్యాయమా?

బైబిలులో రెండవ సమూయేలు గ్రంథము 13వ అధ్యాయమున తామారు కథ కలదు. మన ప్రసంగములలో దానిని అరుదుగా నెత్తుకొందుము. రాజు కుమార్తె, సొంత యింటివాడే ఆమెను చెరచెను. అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండు మనెను. తండ్రియైన దావీదు మిక్కిలి కోపించెను గాని చేసినది యేమియు లేదు. ఆ యింటి మౌనమునుండి హత్యయు, తిరుగుబాటును పుట్టినవి. దావీదు కోపమువంటి కోపము మనకును వచ్చును. వార్తాపత్రిక చదివినప్పుడు పండ్లు కొరుకుదుము. మన బడిలో, మన బంధువులలో అట్టిది జరిగినప్పుడు ఆ కోప మేమగుచున్నదో ఎవరికి వారు పరీక్షించుకొనవలెను.

కావున మన పాఠశాల పెద్దలకు కొన్ని మనవులు చేయుచున్నాను. సిగ్గుపరచు శిక్షలను, ముఖ్యముగా బాలుని బాలికల నడుమ కూర్చుండబెట్టు శిక్షను, ఈ యేటినుండి నిలిపివేయుదము. చీపురును, బల్లను, వేదికను అందరికిని వంతులవారీగా నిత్తము. ఏ యుపాధ్యాయుడును తలుపు మూసిన గదిలో ఒంటరి విద్యార్థికి పాఠము చెప్పరాదను నియమము పెట్టుకొందము. మంచివాని కిది అవమానము కాదు, రక్షణ. పిల్లలు సంకోచము లేక చెప్పుకొనుటకు ఒక ఉపాధ్యాయిని, ఒక ఉపాధ్యాయుడు నియమింపబడి, వారి పేర్లు ప్రతి తరగతి గోడమీదను ఉండవలెను. వానిక్రింద పిల్లల సహాయమునకై యున్న 1098 అను టెలిఫోను సంఖ్యయు, 112 అను సంఖ్యయు వ్రాయవలెను. సంవత్సరము నడుమ బడి మాను పిల్ల యెవరైనను, కారణమును అడిగి తెలిసికొనక సర్టిఫికెట్టు ఇయ్యరాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఒక మనుష్యుని చూచి జంకుచున్నచో, ఆటోలో ఫలానా చోట కూర్చుండ ననుచున్నచో, ట్యూషనుకు పోనని మొండికెత్తుచున్నచో, కసరక ముందు కారణ మడుగుడు. చెప్పినప్పుడు నమ్ముడు. నీ తప్పు కాదని ఆ క్షణమే చెప్పుడు. ఆ యొక్క మాట తరువాతి మందు లన్నిటికంటె గొప్పది.

విద్యార్థులారా, మీకు రెండు మాటలు. మీ శరీరము మీది. పెద్దవాడైనను, గురువైనను, బంధువైనను, మీకు ఇష్టములేని రీతిని తాకినచో వద్దని కేకవేయుటకును, అచ్చటినుండి పరుగెత్తుటకును మీకు హక్కు కలదు. ఎవరితోను చెప్పవద్దని యొకడు చెప్పినచో, అదియే మొదట చెప్పవలసిన సంగతి. ఒకరు వినకున్న మరియొకరితో, వారును వినకున్న వేరొకరితో, వినువారు దొరకువరకు చెప్పుడు. బాలురతో ప్రత్యేకముగా నొక మాట. తోటి బాలికను ఏడిపించు స్నేహితుని చూచి మీరు నవ్వుచో, ఆ నవ్వే వానికి బలము. నవ్వుట మానుడు, వానిని ఆపుడు. మగతన మనగా నాకు తెలిసిన యర్థ మదియే.

మన చల్లపల్లివారికి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. 2014 నవంబరు మొదలుకొని మన యూరివారు వేకువనే చీపుళ్లు పట్టుకొని రోడ్లమీదికి వచ్చి, ముక్కు మూసికొని దాటిపోవు మురికిని తమ చేతులతో నెత్తివేసిరి. డాక్టర్లు, రైతులు, గృహిణులు, ఉద్యోగులు అందు పాల్గొనిరి. ఆ మురికి యెవరిదో యని వాదించుచు కూర్చుండినచో ఊరు శుభ్రపడి యుండునా? మన యూరిది గనుక మన మెత్తవలసిన దనుకొనిరి. మాటలాడక దాచిన ఈ మురికియు మన బడులదే, మన యిండ్లదే.

అరిటాకునకు జాగ్రత్త నేర్పుట చాలించుమని నేననను. ఆ పాఠ మందరును చెప్పుచునే యున్నారు. ఇకమీదట ముల్లునకు పాఠము చెప్పుట మొదలుపెట్టుదము. నాడు నేను వ్రాసిన ఆ సర్టిఫికెట్టు ఎచ్చటనో ఒక పెట్టెలో పసుపెక్కి యుండును. ఆ పిల్ల యిప్పు డొక తల్లియై యుండవచ్చును. ఆమె బిడ్డ ఏ బడిలో చదువుచున్నను, ఆ బడిలో అడిగెడి మాస్టరు ఒక్కడైనను ఉండవలెనని నా ప్రార్థన.